తీరం వెంట వినాల్సిన పదహారు పాటలు

యో లా టెంగో బృందం 1997లో విడుదల చేసిన ‘ఐ కెన్ హియర్ ది హార్ట్ బీటింగ్ యాజ్ వన్’ ఆల్బమ్‌ను కాలేజీ రోజుల నుంచి వింటున్నాను. ఎన్ని ఫోన్లు మారినా ప్రతి దానిలోకీ ముందుగా ఎక్కించుకునేది దీన్నే. ఇండీ రాక్‌లో, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సాగే రాక్ సంగీతంలో, ఇంత గొంతు తగ్గించి మనసులో ఇంత లోతుకు దిగిన ఆల్బమ్ నాకు మరొకటి దొరకలేదు.

బృందంలో ఉన్నది ముగ్గురే. గిటారు వాయించే ఐరా కాప్లాన్, డ్రమ్స్ వాయించే జార్జియా హబ్లీ భార్యాభర్తలు. బేస్ గిటారు జేమ్స్ మెక్‌న్యూది. వీళ్లది అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, హోబోకెన్ పట్టణం. ముగ్గురూ పాడతారు కానీ ఎవరూ గొంతు చించుకోరు. జార్జియా పాట వింటే ఇంట్లో పని చేసుకుంటూ ఎవరో తమలో తాము పాడుకుంటున్నట్టు ఉంటుంది. సినిమా పాటలతో పెరిగిన చెవులు మనవి. చరణం ముగిసేసరికి వయొలిన్లు లేవాలి, గొంతు పైస్థాయిని అందుకోవాలి. ఇక్కడ అవేవీ ఉండవు కాబట్టి మొదట్లో చప్పగా అనిపించవచ్చు. ఓపిక పట్టండి, తప్పక ఫలితం ఉంటుంది.

అందరికీ తెలిసిన పాట ‘ఆటమ్ స్వెటర్’, అంటే శరదృతువు స్వెట్టర్. రాక్ పాటే అయినా ఇందులో గిటారు లేదు. ముందు డ్రమ్స్, ఆ వెనుక ఆర్గాన్ అనే కీబోర్డు వాయిద్యం, వాటి మధ్య దాదాపు గుసగుసగా కాప్లాన్ గొంతు. పదిమందిలో ఇమడలేని మనిషి, ఇద్దరం మెల్లగా ఇక్కడి నుంచి తప్పుకుందామా అని అడుగుతాడు. అంతే విషయం. ఆ బెరుకును దాచకుండా, పెంచకుండా పాడిన తీరు నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. విశాఖలో స్వెట్టర్ వేసుకునే శరదృతువు ఎక్కడిది? మనకు అక్టోబరంటే ఉక్కపోత, కాదంటే తుఫాను.

తుఫాను అన్నాను కాబట్టి ‘గ్రీన్ యారో’ గురించి చెప్పాలి. మాటలు లేని పాట. నెమ్మదిగా జారే గిటారు, దాని వెనుక కీచురాళ్ల చప్పుడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వెళ్లిపోయాక ఊరంతా కరెంటు లేని రాత్రుల్లో ఫోనులో మిగిలిన కాస్త చార్జింగుతో ఈ పాట విన్నాను. మా వీధిలో చెట్లన్నీ కూలిపోయినా కీచురాళ్లు మాత్రం ఎక్కడి నుంచో అరుస్తూనే ఉన్నాయి. ఏది పాటలోదో, ఏది బయటిదో కాసేపు తెలియలేదు. ఆ పాటంటే నాకు మమకారం ఏర్పడింది అప్పుడే.

అంతా నెమ్మదే అనుకోకండి. ‘షుగర్‌క్యూబ్’, ‘డీపర్ ఇన్‌టు మూవీస్’ పాటల్లో గిటార్లు గీపెడతాయి. బీచ్ బాయ్స్ 1964 నాటి ‘లిటిల్ హోండా’ను కూడా వీళ్లు తమ పద్ధతిలో పాడారు. ‘మోబీ ఆక్టోప్యాడ్’లో తిరిగి తిరిగి వచ్చే బేస్ వరుసను మంచి ఇయర్‌ఫోన్లలోనే పట్టుకోగలం, ఫోను స్పీకర్లో అది వినపడనే వినపడదు.

ఆల్బమ్ నిడివి 68 నిమిషాలు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తీరం వెంట బస్సులో వెళ్తూ వినడం నాకు ఇష్టం. సముద్రం వైపు కిటికీ దొరికితే జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట ఒక్కొక్కటిగా దాటుతుంటాయి. భీమిలిలో దిగి గోస్తని సముద్రంలో కలిసే చోటికి నడుస్తుంటే సాధారణంగా ‘స్పెక్ బీబాప్’ మొదలవుతుంది. పది నిమిషాలు దాటిన వాయిద్యపు హోరు అది. నాకు ఎప్పుడూ నచ్చలేదు. సగానికి కోసేసి ఉంటే ఆల్బమ్‌కు ఏ లోటూ వచ్చేది కాదని నా నమ్మకం. అయినా దాటవేయను. ఆ హోరు, దాని తర్వాత ‘వియార్ యాన్ అమెరికన్ బ్యాండ్’ చివర్లో ఎగిసే గిటార్లు, ఈ రెండూ విన్న చెవికే ఆఖరి పాటలో జార్జియా ప్రేమగా పలికే ఆహ్వానం పూర్తిగా అందుతుంది. అందుకే కొత్తగా వినేవారికి ఒక్కటే చెబుతాను: షఫుల్ ఆపేసి, మొదటి పాట నుంచి వరుసగా వినండి.