మూడు రేంజులు, రెండు జతల రింగులు

పోయిన నెల పదకొండు రోజుల్లో మూడు షూటింగ్ రేంజులు తిరిగి వచ్చాను. అందులో మొదటి రెండు రోజులు పూర్తిగా దండగయ్యాయి. స్కోపును, అంటే గురి చూడటానికి రైఫిల్ మీద బిగించే దుర్భిణిని, కదలకుండా పట్టుకోవాల్సిన రింగులు దాన్ని పట్టుకోకపోవడమే కారణం. రైఫిల్‌తో ప్రయాణం పెట్టుకున్నప్పుడు బస గురించి, టికెట్ల గురించి ఎంత ఆలోచిస్తామో ఈ రింగుల గురించీ అంత ఆలోచించాలి. నేను ఆలోచించలేదు.

విమాన ప్రయాణం ఇబ్బంది లేకుండానే జరిగింది. లైసెన్సు కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టుకున్నాను. బోల్టు తీసి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా చూపించి, గట్టి పెట్టెకు తాళాలు వేసి ఇచ్చాను. తూటాలు విడిగా, ప్యాకింగ్‌తో కలిపి మనిషికి 5 కిలోలకు మించకూడదు. నా రైఫిల్ తూటా .308 సైజు కాబట్టి ఆ బరువులో రెండు వందల రౌండ్లు కూడా పట్టవు. మిగతావి రేంజులోనే కొనుక్కున్నాను. పెట్టె తిరిగి చేతికొచ్చేసరికి ఒక మూల సొట్ట పడి ఉంది. లోపల ఫోమ్ బాగానే ఉందని పట్టించుకోలేదు.

మొదటి రేంజు 100 మీటర్లది. మూడింటిలో నాకు బాగా నచ్చింది ఇదే. కాంక్రీటు బెంచీలు ఇంచు కూడా ఊగవు, ప్రతి లేన్ ముందూ గాలి చూసుకోవడానికి జెండా ఉంది, గ్రూపు, అంటే తూటాలు ఎంత దగ్గరగా పడ్డాయో, చూడటానికి నడిచి వెళ్లక్కర్లేదు, బెంచీ దగ్గరే స్క్రీన్ పెట్టారు. అలాంటి చోట నా గ్రూపు మామూలుగా 25 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. ఆ రోజు 70 దాటింది. పైగా ప్రతి ఐదు రౌండ్లకూ గ్రూపు మొత్తం ఇంకో చోటికి జరుగుతోంది. గాలి అనుకున్నాను, కొత్త తూటాలు అనుకున్నాను, ట్రిగ్గర్ సరిగ్గా నొక్కట్లేదేమో అని టెన్షన్ పడ్డాను. స్కోపు గురి సరిచేసే క్లిక్కులు తిప్పుతూ రెండో రోజు మధ్యాహ్నం దాకా అలాగే గడిపాను.

చివరికి పక్క బెంచీ పెద్దాయన వచ్చి, "బాబూ, రింగు అంచు దగ్గర స్కోపు ట్యూబు మీద ఒక గీత గీసి కాల్చు" అన్నారు. తెల్ల పెయింట్ పెన్నుతో సన్నగా గీశాను. పది రౌండ్లయ్యాక చూస్తే గీతకూ రింగుకూ మధ్య గోరు మందం నల్లటి ట్యూబు కనిపించింది. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడల్లా స్కోపు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, పట్టు చాలకపోతే రింగుల్లో ముందుకు జారుతుంది. జారేటప్పుడు తిన్నగానే జారుతుందన్న నమ్మకమూ లేదు. రెండు రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక చివర మిల్లీమీటరులో పదో వంతు పక్కకు జరిగినా 100 మీటర్ల దగ్గర బుల్లెట్ 100 మిల్లీమీటర్లు పక్కన పడుతుంది.

ఆ రేంజు వర్క్‌షాపు నిజంగా మెచ్చుకోదగ్గది. అక్కడి మెకానిక్ నా ముందే రింగుల పైమూతలు విప్పి, లోపలి వైపు వెలుతురులోకి తిప్పి చూపించారు. ట్యూబు ఆనిన గుర్తు రెండు అంచుల దగ్గర నెలవంకలా మెరుస్తోంది, మధ్యలో పూత చెక్కుచెదరలేదు. అంటే రింగు ట్యూబును అంచులతో మాత్రమే పట్టుకుంది. లోపల తయారీనాటి నూనె కూడా అలాగే ఉంది. రింగు కింద, రైలును (రైఫిల్ పైన గాళ్లుండే పట్టీని) పట్టే అడ్డకడ్డీ గాడిలో అటూ ఇటూ ఆడుతోంది. నా రైఫిల్ మీదున్నది పికాటిన్నీ రకం రైలు, దాని గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు. నా పాత రింగులు 4.57 ఉండే వీవర్ అనే ఇంకో రకం రైలు గాడి కోసం చేసినవి. అవి పికాటిన్నీ మీద కూర్చుంటాయి, కాకపోతే ముందుకు నెట్టి గాడి గోడకు ఆనించాకే బిగించాలి. నేను ఊరికే పెట్టి బిగించేశాను.

కొత్త జత అక్కడే తీసుకున్నాను. ముందు చూసింది వెడల్పు, పైమూతకు ఎన్ని స్క్రూలున్నాయన్నది. నాలుగుకు బదులు ఆరు స్క్రూలున్నవి ఎంచుకున్నాను. అడ్డకడ్డీ గుండ్రంగా కాకుండా గాడికి సరిపోయే పలకలా ఉంది. రింగుల ఎత్తు విషయంలో ఆశపడకూడదు. నా స్కోపు ముందు అద్దం 56 మిల్లీమీటర్లు, దాని చుట్టూ గొట్టం మందం కలుపుకుని బ్యారెల్‌కు రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. అంతకన్నా ఎత్తైతే చెంప స్టాక్ (రైఫిల్ వెనక భాగం) మీద ఆనదు, తల గాల్లో తేలుతుంది. ప్రయాణాలకు తేలిక అని, స్కోపును చిటికెలో తీసి పెట్టుకునే క్విక్ రిలీజ్ మౌంట్ కూడా చూపించారు. పదిసార్లు తీసి పెట్టి, ప్రతిసారీ అదే చోట తగులుతోందో లేదో కాల్చి చూసుకునే ఓపికుంటే తీసుకోవచ్చు. స్కోపుతో సహా రైఫిల్ పట్టే పెట్టె ఉంది కాబట్టి నేను వద్దనుకున్నాను.

బిగింపు పనికి గంట పట్టింది. ట్యూబు, రింగులు స్పిరిట్‌తో తుడిచి, స్కోపులో గురికి కనిపించే గీతల్లో (రెటికిల్) నిలువు గీతను వేలాడదీసిన తాడుతో సరిచూసి, పైమూత స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా తిప్పారు. రెండు పక్కలా సందు సమానంగా ఉందో లేదో కాగితం ముక్క దూర్చి చూశారు. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ డ్రైవర్‌తో పైన 18 ఇంచ్ పౌండ్లు, అంటే సుమారు 2 న్యూటన్ మీటర్లు. కింద రైలు దగ్గర 65. రెండూ ఆ రింగుల తయారీదారు చెప్పిన లెక్కలే.

బసల్లో మొదటిది రేంజు ఆవరణలోని గదులు. చిన్నవే అయినా ఆయుధాల గది పక్కనే, రాత్రి రైఫిల్ అక్కడ అప్పజెప్పి రసీదు తీసుకుంటే హాయిగా నిద్రపడుతుంది. రెండో ఊళ్లో హోటలు గది విశాలంగా ఉంది, పరుపు బాగుంది. కానీ పెట్టెను మూడంతస్తులు మెట్లమీద మోయాలి, భద్రపరిచే చోటు లేదు. రెండు రాత్రులూ తిండికి కూడా గది వదిలి వెళ్లలేకపోయాను. మళ్లీ వెళ్తే ఆవరణలో గది దొరికితేనే వెళ్తాను.

రెండో రేంజు 300 మీటర్లు. అక్కడ ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 87 మిల్లీమీటర్లు. కొత్త రింగులతో పది రౌండ్లు ఆ లోపలే పడ్డాయి. బెంచీలు మాత్రం చెక్కవి, పక్కవాళ్లు మోచేయి ఆనించినా కదులుతాయి. అక్కడి వర్క్‌షాపులో స్క్రూలు చేతి అంచనాతోనే బిగిస్తారు. ఒక కుర్రాడి స్కోపు ట్యూబు మీద రింగు అచ్చు లోతుగా పడటం చూశాను, ప్రాణం ఉసూరుమంది. 600 మీటర్ల మూడో రేంజులో నేల మీద పడుకునే కాల్చాలి, నీడ లేదు, టార్గెట్ గుర్తులు చూపడానికి చాలాసేపు పడుతుంది. ఒక్క రోజుకే తిరిగొచ్చేశాను.

ఇంటికొచ్చి పెట్టె తెరవగానే ముందు చూసింది ఆ తెల్ల గీతనే. కొత్తగా గీసినది రింగు అంచుకు ఆనుకునే ఉంది.