8కె టీవీ కొనబోతున్నారా? ఒక్కసారి ఆగి ఇది చదవండి

ఎనిమిది నెలల క్రితం 65 అంగుళాల 8కె టీవీ కొన్నాను, అంటే 4కె టీవీకి నాలుగింతలు చుక్కలున్న తెర. ఇన్ని నెలల్లో దాని మీద అసలైన 8కె చూసింది మొత్తం కలిపినా రెండు గంటలు ఉండదు. అదీ సినిమా కాదు, మ్యాచ్ కాదు. యూట్యూబ్‌లో జలపాతాలు, పూలు, రాత్రిపూట ఊళ్ల మీద ఎగిరే డ్రోన్ వీడియోలు. మిగతా సమయమంతా మామూలు టీవీలో వచ్చేదే ఇందులోనూ వచ్చింది. కొన్నిసార్లు అంతకంటే ఘోరంగా వచ్చింది.

షాపులో ఎలా పడ్డానో ముందు చెప్తాను, ఎందుకంటే మీకూ అదే చూపిస్తారు. తెర మీద తేనెటీగ పువ్వు మీద వాలుతోంది. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. "దాని కాలికి అంటిన పుప్పొడి చూడండి సార్" అన్నాడు అమ్మే కుర్రాడు. నిజంగానే కనిపించింది. "ఇందులో చూడ్డానికి ఏముంది?" అని అడగకపోలేదు. "ముందు ముందు అన్నీ 8కె లోనే వస్తాయి సార్, ఇప్పుడు కొంటే పదేళ్లు చూసుకోవక్కర్లేదు" అన్నాడు. ఆ వీడియో టీవీ వెనక గుచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి వస్తోందని, టీవీ స్టోర్ మోడ్‌లో ఉందని అప్పుడు పట్టించుకోలేదు. ఆ మోడ్‌లో వెలుగు, రంగులు బాగా పెంచేసి ఉంటాయి. ఇంట్లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు హోమ్ మోడ్ పెట్టుకోగానే ఆ తళుకు సగం దిగిపోయింది.

మొదటి రోజు సాయంత్రం అమ్మ సీరియల్ పెట్టింది. అందరి మొహాలకీ మైనం పూసినట్టు ఉంది. అమ్మ ఏమీ అనలేదు, కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకుంది.

తప్పు ఛానెల్‌ది కాదు, లెక్కలో ఉంది. 8కె తెరలో అడ్డంగా 7680, నిలువుగా 4320 చుక్కలు, అంటే దాదాపు 3 కోట్ల 32 లక్షల పిక్సెల్స్. హెచ్‌డీ కాని మామూలు ఛానెల్ పంపేది 720 బై 576, అంటే నాలుగు లక్షల చిల్లర. వచ్చిన ఒక్కో చుక్కతో టీవీ 80 చుక్కలు నింపాలి. గరిటెడు సున్నంతో ఇల్లంతా వెల్ల వేసినట్టు ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ అయితే ఒకటికి 16, 4కె అయితే ఒకటికి నాలుగు. లేని వివరాన్ని టీవీలోని చిప్ ఊహించి గీస్తుంది. 4కె వీడియోకి ఆ ఊహ బాగానే కుదురుతుంది, పాత ఛానెళ్లకి మాత్రం చర్మం ప్లాస్టిక్ అయిపోతుంది.

మరి సినిమాలు? నెట్‌ఫ్లిక్స్ గరిష్ఠంగా ఇచ్చేది 4కె, అదీ పై ప్లాన్ తీసుకుంటేనే. అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్కులు 2016లో వచ్చాయి, వాటి హద్దూ 4కె నే. అంతెందుకు, థియేటర్లలో డిజిటల్ ప్రొజెక్షన్‌కి పెట్టుకున్న ప్రమాణాలు 2కె (దాదాపు ఫుల్ హెచ్‌డీ అంత), 4కె మాత్రమే. గ్రాఫిక్స్ ఎక్కువున్న పెద్ద సినిమాలు చాలావాటిని 2కె లోనే పూర్తిచేసి, తర్వాత 4కె కి సాగదీశారు. గోడంత తెరకి సరిపోయింది మన హాల్లో 65 అంగుళాలకి చాలదా? జపాన్‌లో అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 2018 డిసెంబర్‌లో 8కె ఛానెల్ మొదలుపెట్టిన మాట నిజమే. మిగతా ప్రపంచంలో చాలా దేశాలు ఆ దారి పట్టలేదు. టీవీకి తగిలించి ఆటలాడే ప్లేస్టేషన్ 5 అట్టపెట్టె మీద మొదట్లో 8కె గుర్తు ఉండేది, తర్వాత తీసేశారు. నేనిదంతా చదివింది డబ్బు కట్టాక, అదీ నా తెలివి.

అసలు దెబ్బ దూరం దగ్గర తగిలింది. మంచి చూపున్న కన్ను విడిగా పట్టుకోగల సన్నదనానికి ఒక హద్దు ఉంది, కోణం కొలతలో చెప్తే డిగ్రీలో అరవయ్యో వంతు. దాంతో లెక్కేస్తే, 65 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్కలే ఎనిమిదిన్నర అడుగుల అవతల కలిసిపోతాయి. 4కె చుక్కలు నాలుగు అడుగులు దాటితే కలిసిపోతాయి. 8కె తేడా పూర్తిగా దక్కాలంటే రెండడుగుల్లో కూర్చోవాలి, సరిగ్గా నన్ను షాపులో నిలబెట్టిన చోట! మా సోఫా తొమ్మిది అడుగుల దూరంలో ఉంది. అంటే 4కె లో ఉన్న వివరమే నా కంటికి పూర్తిగా అందడం లేదు, దాని మీద ఇంకో నాలుగింతలకి డబ్బు కట్టాను.

పైగా చుక్కలు చిన్నవయ్యేకొద్దీ వాటిలోంచి వెలుగు తక్కువ బయటికొస్తుంది. దాంతో వెనక లైటు గట్టిగా వెలగాలి, కరెంటు ఎక్కువ తాగుతుంది. 2023 మార్చిలో యూరప్‌లో టీవీల కరెంటు నిబంధనలు బిగించినప్పుడు ఎక్కువ ఇబ్బంది పడింది 8కె టీవీలే.

వెనక్కి ఇచ్చేద్దామని వెళ్తే, "టీవీలో లోపం ఏమీ లేదు కదా సార్" అన్నారు. కాదనడానికి నా దగ్గర మాట లేదు. పాడైపోయి ఉంటే కనీసం గొడవ పడేవాణ్ణి.

కాబట్టి షాపుకి వెళ్లేవాళ్లు వాళ్ల తేనెటీగని చూడకండి. మీరు రోజూ చూసే ఛానెల్, మీ యాప్ పెట్టమనండి. హోమ్ మోడ్‌లోకి మార్చమనండి. మీ సోఫా ఎంత దూరంలో ఉందో ఇంట్లో టేపుతో కొలుచుకుని, అక్కడా అంతే దూరంలో నిలబడి చూడండి. ఇవి చేయనివ్వకపోతే ఇంకో షాపు చూసుకోవడమే. అదే డబ్బుకి నలుపు నిజంగా నల్లగా కనిపించే, హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా ఉండే వీడియో) సరిగ్గా చూపించే మంచి 4కె ఓలెడ్ టీవీ, అంటే ఒక్కో చుక్కా సొంతంగా వెలిగేది, వచ్చేది నాకు. ఆ తేడా తొమ్మిది అడుగుల నుంచి కూడా తెలుస్తుంది. ఇంటర్నెట్ కూడా చూసుకోండి, 4కె కి సెకనుకి 15 మెగాబిట్లు కావాలని నెట్‌ఫ్లిక్సే చెప్తుంది.

తక్కువ ధర టీవీల్లో ఇంకో మోసం ఉంది. పెట్టె మీద "4కె సపోర్ట్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. 4కె సిగ్నల్ తీసుకుంటుందని దానర్థం, తెర మాత్రం 1366 బై 768 ఉండొచ్చు. ప్యానెల్ రిజల్యూషన్ ఎంతో అడగండి, 3840 బై 2160 అని బిల్లు మీద రాయించుకోండి.

పెద్ద తెర ముందు రెండు మూడడుగుల్లో కూర్చుని సొంత ఫొటోలు దిద్దుకునేవాళ్లకి 8కె పనికొస్తుందేమో, నేను కాదనను. నాకు ఆ పని లేదు.

పోయిన వారం అమ్మకానికి పెట్టాను. చూడ్డానికొచ్చినాయన చుట్టూ తిరిగి చూసి, "బాగుందండీ, ఇంతకీ ఇందులో చూడ్డానికి ఏముంది?" అన్నాడు. రిమోట్ చేతికిచ్చి, రోజూ చూసే ఛానెల్ పెట్టుకోమన్నాను. మళ్లీ ఫోన్ రాలేదు.