ట్రక్కు లాగడానికి పాత ట్రాక్టరు: దమ్ము చేయని బండినే ఎందుకు వెతకాలి

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు), కోతల తరువాత మిల్లుకు ధాన్యం, మిగిలిన కాలంలో పొలానికి ఎరువు, ఇంటికి వరిగడ్డి తోలుకోవడానికి నేను చాలా కాలంగా వాడుతున్నది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మహీంద్రా 575 డీఐ. నాలుగు సిలిండర్లు, 2730 సీసీ ఇంజను, 45 హార్స్‌పవర్. దుక్కికి వేరే ఏర్పాటు ఉంది కనుక దీని పని దాదాపుగా ట్రక్కు (ట్రాక్టరు వెనుక తగిలించే ట్రాలీ) లాగడమే. అందువల్ల ఈ సమీక్ష దున్నడానికి పాత బండి వెతికేవారికంటే, రోడ్డు మీద బరువు లాగించదలచినవారికి ఎక్కువగా ఉపయోగపడుతుంది.

పాత ట్రాక్టరును చూడబోయినవారు ముందుగా ఇంజను శబ్దం వింటారు, పొగ చూస్తారు. అది చేయవలసిన పనే. తెల్లవారుతూనే, అమ్మేవారు స్టార్టు చేసి వేడెక్కించకముందే వెళ్లి, చల్లగా ఉన్న ఇంజనును మన ఎదుట స్టార్టు చేయించాలి. నీలి పొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు కాలుతున్నదని, ఆయిలు పోసే మూత తీసినప్పుడు ఆవిరి బలంగా తన్నుకొస్తుంటే రింగులు, లైనర్లు అరిగాయని అనుకోవచ్చు. అయితే ఇంజను పని విజయవాడ ఆటోనగర్‌లో ఎందరో చేస్తారు, ఈ మోడలుకు విడిభాగాల కొదవా లేదు. ట్రక్కు లాగే బండికి అసలు పరీక్ష డ్రైవరు సీటు దగ్గర నుంచి వెనక్కి ఉన్న భాగానిది. క్లచ్, గేరుబాక్సు, బ్రేకులు, వెనుక యాక్సిల్, హుక్కు బాగుంటే ఇంజనులో కొంత లోపమున్నా ధర తగ్గించి అడిగి కొనవచ్చునని నా అభిప్రాయం.

ఆ వెనుక భాగం ఎలా ఉంటుందన్నది బండి ఏ నేలలో పనిచేసిందన్న దాన్ని బట్టి ఉంటుంది. తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు మాగాణిలో తిరిగిన బండి ఏటేటా ఇనుప చక్రాలతో దమ్ము చేసి (నాట్లకు ముందు నీరు పెట్టిన పొలాన్ని బురదగా దున్ని) ఉంటుంది. యాక్సిల్ దాకా బురద నీటిలో మునిగి తిరగడం వల్ల ఆయిలు సీళ్లు దెబ్బతిని, గేరు ఆయిలులోకి నీరు, బ్రేకు లైనింగుల మీదికి ఆయిలు చేరే అవకాశం ఎక్కువ. రంగు వేసి, కొత్త సీటు బిగించి తెచ్చినా ఈ సంగతి దాగదు: గేరుబాక్సు అడుగున ఉన్న బోల్టు కొద్దిగా వదులు చేయించి చూస్తే, నీరు కలిసిన ఆయిలు పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తుంది. బోల్టు ముట్టుకోనివ్వని అమ్మకందారు దగ్గర బేరం కొనసాగించవలసిన పని లేదు. నేను పల్నాడు మెట్ట పొలాల్లో తిరిగిన బండినే ఎంచుకున్నాను. వెనుక భాగంలో ఇప్పటివరకు మార్పించవలసి వచ్చినవి క్లచ్ ప్లేటు, బ్రేకు లైనింగులు మాత్రమే. గంటల మీటరును నేను లెక్కలోకి తీసుకోలేదు. కేబులు ఊడదీసి తిప్పిన బళ్లు ఎన్నో ఉంటాయి. పెడళ్ల అరుగుదల, హుక్కు రంధ్రం కోలగా సాగిందా లేదా అన్నవి అంతకంటే నిజం చెబుతాయి.

క్లచ్‌ను పరీక్షించడానికి పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజను వెంటనే ఆగిపోతే ప్లేటు పట్టు బాగుందని అర్థం. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టే. బ్రేకుల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ట్రాక్టరుకు ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరు పెడళ్లు ఉంటాయి, పొలంలో మలుపు తిప్పడానికి అది సౌకర్యమే. రోడ్డెక్కేముందు రెంటినీ కలిపే కొక్కెం తప్పనిసరిగా వేయాలి, లేకపోతే బరువుతో ఉన్న బండి ఒక పక్కకే లాగి తిరగబడవచ్చు. ఎన్నో పాత బళ్లలో ఈ కొక్కెమే ఉండదు. కొనగానే వేయించుకోవలసిన మొదటి వస్తువు అదే.

ట్రక్కును బట్టి కూడా బండి ప్రవర్తన మారుతుంది. రెండు చక్రాల ట్రక్కు తన బరువులో కొంత హుక్కు మీద మోపుతుంది కనుక వెనుక చక్రాలకు పట్టు దొరుకుతుంది, కాని ముందు భాగం తేలికై స్టీరింగు పట్టు తగ్గుతుంది. నాలుగు చక్రాల ట్రక్కు అలా మోపదు. తడి నేలలో ట్రాక్టరు చక్రం ఊరికే తిరుగుతుంది. హుక్కును యాక్సిల్ కంటే ఎత్తులో ఎన్నడూ తగిలించకూడదు, ముందు చక్రాలు పైకి లేస్తాయి. మిర్చి టిక్కీలు బరువు కంటే ఎత్తు వల్ల ప్రమాదకరం: వరుసలు పెరిగేకొద్దీ మలుపులో ట్రక్కు ఒరుగుతుంది. ట్రక్కుకు సొంత బ్రేకు లేనప్పుడు వంతెన దిగేటప్పుడు అది ట్రాక్టరును వెనుక నుంచి తోస్తుంది, కాబట్టి దిగుడు మొదలుకాకముందే కింది గేరుకు వచ్చి, న్యూట్రల్ అన్న మాట మరిచిపోవాలి. ఈ విషయంలో 575 ఇంజను నాకు నచ్చింది. తక్కువ వేగంలో నింపాదిగా లాగుతుంది, గేరులో ఉంచితే దిగుడులో బాగా నిలుపుతుంది. నా బండికి పవర్ స్టీరింగు లేదు. యార్డులో, సీజన్ రద్దీలో వెనక్కి తీసుకోవలసినప్పుడు భుజాలు నొప్పెడతాయి. ఈ పనికే కొనేవారు కొంత ఎక్కువ పెట్టయినా పవర్ స్టీరింగు ఉన్నది చూసుకోవడం మంచిది.

కాగితాల విషయంలో చాలామంది ట్రక్కును మరిచిపోతారు. ట్రాక్టరుతో పాటు ట్రక్కుకూ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, బీమా పాలసీలో ట్రక్కు వివరం కూడా ఉండాలి. వ్యవసాయానికని రిజిస్టరైన బండిని కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ అభ్యంతరం చెప్పే అవకాశముంది. ఆర్‌సీలో ఫైనాన్సు పేరు కనిపిస్తే, బాకీ తీరినట్టు ఫైనాన్సువారి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆ పేరు తొలగించడానికి వారు సంతకం చేసిన ఫారం 35 చేతికి వచ్చేవరకు పూర్తి డబ్బు ఇవ్వకూడదు. బదిలీకి ఫారం 29, 30 మీద అమ్మినవారి సంతకాలు బేరం కుదిరిన రోజే తీసుకుని, 30 రోజుల లోపల రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి.