ఏపీఐ ఫ్రెష్‌వాటర్ మాస్టర్ కిట్: ల్యాబులో రోజువారీ పనికి భేష్, పరిశోధన పేపర్‌లో వేసే అంకెకు చాలదు

కొర్రమట్ట పిల్లల మీద మేత ప్రయోగం నడిచే తొట్ల దగ్గర టెక్నీషియన్‌కు పొద్దున్నే ముందుగా తెలియాల్సింది నీళ్లలోని అమ్మోనియా, అంటే మేత, చేపల విసర్జనల నుంచి పుట్టే విషం. ఊపిరాడకపోతే రవ్వ, బొచ్చె పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, చూడగానే తెలిసిపోతుంది. కొర్రమట్ట ఎప్పుడూ పైకొచ్చి గాలి మింగే చేపే, దాని తీరు చూసి నీళ్ల సంగతి పసిగట్టలేం. పైగా మాంసకృత్తులు ఎక్కువున్న మేత, చిన్న తొట్టి. అందుకే నీళ్లలో మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును బట్టి కొలిచే కిట్ ఒకటి చేతికింద ఉండి తీరాలి.

ఏపీఐ కిట్ డబ్బాలో ఏడు సీసాలు, నాలుగు గాజు గొట్టాలు, ఒక రంగుల కార్డు ఉంటాయి. పీహెచ్, హై రేంజ్ పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ చూడొచ్చు. కరిగిన ఆక్సిజన్, గట్టిదనం, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాచే లవణాలు) ఇందులో లేవు. ఆల్కలినిటీ లేకపోవడమే పెద్ద లోటు. బ్యాక్టీరియాతో అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బయోఫిల్టర్ ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను మార్చడానికి సుమారు 7 గ్రాముల ఆల్కలినిటీని తినేస్తుంది. అది తరిగిపోతే పీహెచ్ పడి ఫిల్టర్ నెమ్మదిస్తుంది. దానికి వేరే కిట్ కొనక తప్పదు.

అమ్మోనియా పరీక్షకు గొట్టాన్ని తొట్టి నీళ్లతో కడిగి, గీత దాకా 5 మి.లీ. పట్టాలి. మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండో దాని నుంచి 8 చుక్కలు వేసి, మూత పెట్టి ఊపి, టైమర్ పెట్టుకొని 5 నిమిషాలు ఆగాలి. సీసా నిటారుగా తలకిందులు చేయాలి. వాలుగా పడితే చుక్క సైజు మారుతుంది, రంగూ మారుతుంది. మూతకు బదులు వేలు అడ్డం పెట్టి ఊపడం చాలాచోట్ల కనిపించే తప్పు. చేతి చెమటలోనూ అమ్మోనియా ఉంటుంది. రంగును ట్యూబ్‌లైట్ కింద కాదు, పగటి వెలుతురులో తెల్ల కార్డుకు ఆనించి చూడాలి. సున్నాకూ లీటరుకు 0.25 మి.గ్రా.కూ తేడా కంటికి అందదు, కిట్‌లో బలహీనత ఇదే. డిస్టిల్డ్ వాటర్‌తో ఒక గొట్టం పక్కన పెట్టి పోల్చుకుంటే కొంత నయం. నీళ్లు నాచుతో పచ్చగా ఉంటే ముందు ఫిల్టర్ పేపర్‌తో వడకట్టాలి.

నైట్రేట్ దగ్గరే అందరూ బోల్తా పడేది. రెండో సీసాలోని పొడి అడుగున గడ్డకడుతుంది. దాన్ని 30 సెకన్లు గట్టిగా ఊపి, చుక్కలు వేశాక గొట్టాన్ని ఇంకో నిమిషం ఊపకపోతే నైట్రేట్ లేనట్టే చూపిస్తుంది. తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్లలోనే నైట్రేట్ ఉంటుంది కాబట్టి తొట్టి కంటే ముందు బోరును పరీక్షించి రాసిపెట్టుకోవాలి. లేకపోతే నేలలోంచి వచ్చిన నైట్రేట్ మేత ఖాతాలో పడుతుంది.

కిట్ నమ్మదగిందో కాదో తేల్చుకోవడం ల్యాబులో సులువే. ఆరబెట్టిన అమ్మోనియం క్లోరైడ్ 3.819 గ్రాములను లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే లీటరుకు 1000 మి.గ్రా. నైట్రోజన్ ఉన్న ద్రావణం వస్తుంది. అందులో ఒక మి.లీ. తీసి మళ్లీ లీటరు చేస్తే లీటరుకు 1 మి.గ్రా. అవుతుంది. ప్రతి కొత్త సీసాకూ, ఆపైన నెలకోసారీ ఈ నీళ్లతో చూడాలి. రంగు 1 దగ్గరకు రాకుంటే సీసా పక్కన పెట్టేయాలి.

కిట్ చూపేది మొత్తం అమ్మోనియా, అందులో విషం కొంత భాగమే. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే ఆ భాగం ఒక శాతం లోపు, 8 ఉంటే ఏడున్నర శాతం దాకా, 9 అయితే దాదాపు 45 శాతం. పొద్దున పీహెచ్ 7.5 ఉన్న పచ్చనీళ్ల తొట్టి మధ్యాహ్నం 9 దాటొచ్చు. కాబట్టి పీహెచ్, ఉష్ణోగ్రత పక్కన రాయని అమ్మోనియా అంకెతో పనిలేదు. పొద్దున ఆరింటికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి చూడటం మంచిది. రెండుపూటలా ఒకే మనిషి చూడాలి, ఎందుకంటే ఇద్దరి కళ్లకు ఆ పచ్చదనం ఒకేలా కనబడదు.

మేత ఆపాలా, నీళ్లు మార్చాలా అని పది నిమిషాల్లో తేల్చుకోవడానికి ఈ కిట్ బాగా పనికొస్తుంది. స్కాలర్ థీసిస్‌లో వేసే పట్టికకు మాత్రం పనికిరాదు. దానికి ఫినేట్ అనే రసాయన పద్ధతిలో రంగు తెప్పించి, రంగు గాఢతను కాంతితో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 640 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోవాల్సిందే. ఇంకోటి, కిట్ నైట్రేట్‌ను అయాన్ లెక్కలో, అంటే మొత్తం నైట్రేట్ బరువుగా చూపుతుంది. పేపర్లలో ఎక్కువగా అందులోని నైట్రోజన్ లెక్క మాత్రమే రాస్తారు. కిట్ అంకెను 4.43తో భాగించకుండా పక్కపక్కన పెడితే పోలికంతా తప్పిపోతుంది.

వరంగల్ మే ఎండల్లో రేకుల షెడ్డులో సీసాలు ఉంచొద్దు, లోపల బీరువాలో పెట్టాలి. పరీక్ష అయిన గొట్టాల నీళ్లను తొట్టి డ్రైనులో, అందులోనూ ఫిల్టర్‌కు తిరిగి వెళ్లే కాలువలో అస్సలు పోయొద్దు. వేరే డబ్బాలో పట్టి ల్యాబు రసాయన వ్యర్థాలతో పంపాలి.