కమ్యూనిటీ కాలేజీలో జాగ్రఫీ: చదివి, ఉద్యోగంలో కొంతకాలం గడిచాక నా సమీక్ష

కాలిఫోర్నియాలో హెచ్‌4 వీసా (హెచ్‌1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకు ఇచ్చేది) మీద ఉంటూ కమ్యూనిటీ కాలేజీలో, అంటే స్థానికులకు తక్కువ ఫీజుతో నడిచే ప్రభుత్వ కాలేజీలో, జాగ్రఫీ చదివాను. అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల డిగ్రీ)తో పాటు జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో మ్యాపులూ వాటి సమాచారమూ కలిపి చూసే విద్యలో, సర్టిఫికెట్ కూడా తీసుకున్నాను. వర్క్ పర్మిట్ వచ్చాక ఒక వాటర్ డిస్ట్రిక్ట్ (నీటి సరఫరా చూసే స్థానిక సంస్థ)లో జీఐఎస్ టెక్నీషియన్‌గా చేరి, ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. చదివినవాటిలో ఏది రోజూ అక్కరకొస్తోందో, ఏది రావడం లేదో ఇప్పుడు బాగా తెలుస్తోంది కాబట్టి రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కట్టిన ఫీజుకు ఈ చదువు చాలా ఎక్కువే ఇస్తుంది. కానీ సాఫ్ట్‌వేర్ క్లాసులు మాత్రం చేసేసి బయటపడదాం అనుకుంటే అందులో సగం కూడా దక్కదు.

ముందు డబ్బు సంగతి. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు (క్లాసు బరువును లెక్కించే క్రెడిట్) 46 డాలర్లు. అంటే మూడు యూనిట్ల క్లాసుకు 138 డాలర్లు, పుస్తకాలూ చిన్నాచితకా ఫీజులూ అదనం. నివాసి హోదా లేకపోతే దీనికి ఎన్నో రెట్లు కట్టాలి. మన తెలుగువాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. హెచ్‌4 మీద ఉన్నవాళ్లు ఎఫ్‌1 విద్యార్థి వీసాకు మారకుండానే చదువుకోవచ్చు. ఏడాదికి పైగా ఇక్కడే నివసించినట్టు కాగితాలు చూపిస్తే నివాసి ఫీజు అడిగే అర్హత కూడా ఉంటుంది. అద్దె ఒప్పందం, పన్ను రిటర్నులు, డ్రైవింగ్ లైసెన్స్ అన్నీ మీ పేరు మీద ఉండేలా ముందునుంచే చూసుకోండి.

ఇక చదువు. ఫిజికల్ జాగ్రఫీ క్లాసు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మన దగ్గర స్కూల్లో సోషల్ పుస్తకంలో నదులు, పంటలు, రాజధానులు బట్టీ పట్టి వదిలేస్తాం. ఇక్కడ మొదటి నుంచీ 'ఎందుకు' అనే అడిగారు. పసిఫిక్ నుంచి వచ్చే తేమ సియెర్రా నెవాడా పడమటి వాలు మీదే కురిసిపోతుంది, అందుకే తూర్పున ఓవెన్స్ లోయ ఎండిపోయి ఉంటుంది అని బోర్డు మీద గీసి చూపించినప్పుడు నాకు మా అనంతపురం కళ్ల ముందు మెదిలింది. నైరుతి వానకు పడమటి కనుమలు అడ్డం, ఈశాన్య వానకు తూర్పు తీరం దూరం. పుట్టి పెరిగిన ఊరి కరువుకు కారణం ఎవరైనా ఇంత స్పష్టంగా విప్పి చెప్పడం అదే మొదటిసారి.

ల్యాబ్, ఫీల్డ్ ట్రిప్పులు వదులుకోవద్దు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన పాయింట్ రేయిస్‌లో 1906 భూకంపానికి కంచె ఒకటి పదిహేను అడుగులకు పైగా పక్కకు జరిగిన చోటు చూపించారు. మరో వారం శాంటా బార్బరా పక్కనున్న మాంటెసీటో ఊరి సంగతి చదివాం. 2017 డిసెంబరులో థామస్ ఫైర్ అనే కార్చిచ్చు కొండల మీద చెట్టూ చేమా కాల్చేసింది. 2018 జనవరి 9 తెల్లవారుజామున అదే కొండల మీద పెద్ద వాన కురిసి, బురద, బండరాళ్లు ఊరి మీదకు వచ్చాయి. 23 మంది పోయారు. కాలిన నేల నీళ్లను ఎందుకు పీల్చుకోదు, ఎంత వానకు కదులుతుంది అన్నది ఆ రోజు నేర్చుకున్నాను. మా డిస్ట్రిక్ట్ పైప్‌లైన్లు కొన్ని అలాంటి వాలుల కిందనుంచే వెళ్తాయి. దగ్గర్లో మంటలు లేచిన ప్రతి ఏడాదీ, వానలు మొదలయ్యేలోపు ఏ వాల్వులు ముప్పులో ఉన్నాయో మ్యాపు తీయడం నా పని. సాఫ్ట్‌వేర్‌లో బటన్ ఎక్కడుందో ఎవరైనా నేర్పుతారు. ఏ వాలును ముందు చూడాలో మాత్రం ఆ క్లాసు నేర్పింది.

జీఐఎస్ క్లాసులు సాయంత్రాలు ఉండేవి. నా పక్కన ఫైర్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగి, సర్వే కంపెనీలో పనిచేసే అబ్బాయి, రిటైరైన నర్సు కూర్చునేవారు. ఆర్క్‌జీఐఎస్ ప్రో అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌కి విద్యార్థి లైసెన్స్ ఇచ్చారు. దాన్ని తయారుచేసే ఎస్రీ సంస్థ ఈ రాష్ట్రంలోనే, రెడ్‌లాండ్స్‌లో ఉంది. ప్రభుత్వ ఆఫీసుల్లో ఎక్కువగా నడిచేది అదే. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ కూడా నేర్చుకోండి, ఇంట్లో సాధనకు అది చాలు.

ప్రొజెక్షన్లు (గుండ్రటి భూమిని చదును మ్యాపుగా మార్చే పద్ధతులు), డాటమ్‌ల (అక్షాంశ రేఖాంశాలను లెక్కించే ఆధార కొలతలు) పాఠం విసుగ్గా ఉంటుంది, నిజమే. ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేది మాత్రం అదే. పాత పైపుల డ్రాయింగులు 1927 నాటి డాటమ్‌లో ఉంటే, వాటిని మార్చకుండా ఇప్పటి మ్యాపు మీద పరిచినప్పుడు కాలిఫోర్నియాలో వంద మీటర్ల దరిదాపుల్లో తేడా వస్తుంది. ఎవరైనా తవ్వకానికి ముందు, భూమి కింద పైపులూ తీగలూ ఎక్కడున్నాయో గుర్తు పెట్టమని 811 నంబరుకి ఫోన్ చేస్తే, మా వాళ్లు ఆ మ్యాపు పట్టుకునే రోడ్డు మీద పైపు ఎక్కడుందో గుర్తు పెడతారు. అక్కడ తేడా వస్తే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

చివరి ప్రాజెక్టుకు నేను విజయవాడ బుడమేరు వాగు వరదను ఎంచుకున్నాను. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు మా బంధువులూ అందులో చిక్కుకున్నారు. మళ్లింపు కాలువకు గండ్లు పడటం, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారడం, కొల్లేరు వైపు సాగే పాత ప్రవాహం దారిలోనే ఇళ్లు ఉండటం, ఇవన్నీ లేయర్లుగా పేర్చాను. ప్రొఫెసర్ అడిగిన మొదటి ప్రశ్న: ఉచితంగా దొరికే, 30 మీటర్లకు ఒక్క కొలత చొప్పున ఉండే ఈ నేల ఎత్తుల డేటాలో పొరపాటు ఎన్ని మీటర్లు ఉండొచ్చు, అక్కడ నీళ్లు నిలిచింది ఎంత లోతు? చదునైన డెల్టాలో ఆ డేటాతో వీధి స్థాయిలో ఏమీ తేల్చలేం. మ్యాపు ఏం చెప్పలేదో కూడా మ్యాపు కిందే రాయాలని ఆయన పట్టుబట్టారు. ఆఫీసులో ఇప్పటికీ అలాగే రాస్తున్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. విద్యార్థులు చాలకపోతే క్లాసు రద్దు చేస్తారు. రెండో స్థాయి జీఐఎస్ ఏడాదికి ఒక్కసారే పెట్టేవారు, అది రద్దయితే సర్టిఫికెట్ ఏడాది వెనక్కి పోతుంది. ఆ సెమిస్టర్ నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు. పాఠం చెప్పేవాళ్లలో చాలామంది పార్ట్‌టైమ్, ఒక కాలేజీలో క్లాసు ముగించి ఇంకో కాలేజీకి పరుగెత్తేవారు. పాఠం బాగుండేది కానీ తర్వాత అడుగుదామంటే దొరికేవారు కాదు. కౌన్సెలర్ మాట ఒక్కటే నమ్ముకోకుండా, ఏ క్లాసు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో మీరే చూసుకోండి. ట్రాన్స్‌ఫర్ కోసం పెట్టిన అసోసియేట్ డిగ్రీ పూర్తిచేస్తే కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో సీటు ఖాయం, కోరిన క్యాంపస్‌లోనే అని మాత్రం హామీ లేదు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా)లో డేవిస్, శాంటా బార్బరాతో సహా ఆరు క్యాంపస్‌లకు హామీ పథకం ఉంది. బర్కిలీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియేగో అందులో లేవు.

ఉద్యోగాల దగ్గర కొంచెం వాస్తవం మాట్లాడుకోవాలి. 'జాగ్రఫర్' అనే పేరుతో ఉన్న ఉద్యోగాలు కార్మిక శాఖ లెక్కల్లో దేశం మొత్తానికి రెండు వేలు కూడా లేవు. ఆ పేరుతో వెతకొద్దు. జీఐఎస్ టెక్నీషియన్, మ్యాపింగ్ టెక్నీషియన్, ప్లానింగ్ ఎయిడ్ అని వెతకండి. కౌంటీలు, సిటీల ప్లానింగ్ విభాగాలు, కరెంటు కంపెనీలు, పర్యావరణ కన్సల్టెన్సీలు తీసుకుంటాయి. మ్యాపింగ్ టెక్నీషియన్లకు మధ్యస్థ జీతం ఏడాదికి 50 వేల డాలర్ల చుట్టూ ఉంది. బ్యాచిలర్స్ చేసి కార్టోగ్రఫీ (మ్యాపుల తయారీ), ఫొటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి కొలతలు తీయడం) వైపు వెళ్తే 75 వేలు దాటుతుంది. బే ఏరియా అద్దెలకు మొదటి జీతం సరిపోదు, అది లెక్కలో పెట్టుకోండి. ఫెడరల్ ఉద్యోగాలకు దాదాపు అన్నిచోట్లా పౌరసత్వం అడుగుతారు, కాబట్టి హెచ్‌4 వాళ్లు స్థానిక సంస్థలు, ప్రైవేటు కంపెనీల మీదే దృష్టి పెట్టాలి. వర్క్ పర్మిట్ కూడా సాధారణంగా భర్త లేదా భార్య ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం వేసే దరఖాస్తు) ఆమోదం పొందాకే.

పాత డ్రాయింగులు చూసి గీతలు గీసే పని చాలావరకు హైదరాబాదు లాంటి చోట్లకు వెళ్లిపోయింది. అక్కడి జీఐఎస్ కంపెనీల్లో మన పిల్లలు అమెరికా యుటిలిటీ మ్యాపులు బ్రహ్మాండంగా చేస్తున్నారు. ఇక్కడ మనిషిని పెట్టుకునేది వాల్వు దగ్గరకు వెళ్లి చూసి రావడానికి, కౌంటర్ దగ్గరకొచ్చినవాళ్లకు సమాధానం చెప్పడానికి. పార్సిల్ మ్యాపు (స్థలాల గీతలు చూపే మ్యాపు) ప్రింట్ తెచ్చి "నా కంచె ఈ గీత మీదే ఉంది కదా" అని గొడవపడేవాళ్లు వస్తారు. పొలం గట్టు తగాదాలు చూసి పెరిగినవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఆ గీత చట్టపరమైన హద్దు కాదని, హద్దు తేల్చాల్సింది లైసెన్స్ ఉన్న సర్వేయరేనని ఓపిగ్గా చెప్పగలగాలి.

చేరేవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే ఫిజికల్ జాగ్రఫీ, దాని ల్యాబ్, మొదటి జీఐఎస్ క్లాసు కలిపి తీసుకోండి. ఆ తర్వాత స్టాటిస్టిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. పైథాన్ రాకపోతే టెక్నీషియన్ దగ్గరే ఆగిపోతారు, నేనూ ఇప్పుడు సాయంత్రాలు అదే చదువుతున్నాను. వేసవి ఇంటర్న్‌షిప్‌ల ప్రకటనలు కౌంటీ, సిటీ సైట్లలో వసంతకాలంలోనే పడతాయి. పరీక్షలయ్యాక చూద్దాం అనుకోకుండా, అప్పటికల్లా మీరు చేసిన మ్యాపులు మూడు నాలుగు సిద్ధంగా ఉంచుకోండి.