ఆసియా గ్రీన్ బాండ్ ఫండా, మన సర్కారు గ్రీన్ బాండా: ఏది మేలు?

మా తమ్ముడి కొడుకు పదకొండేళ్లుగా సింగపూర్‌లో ఉంటున్నాడు. పోయిన సంక్రాంతికి తెనాలి వచ్చినప్పుడు అరిసెల పళ్లెం పక్కన ఫోన్ పెట్టి, "పెదనాన్నా, ఇది ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు. అక్కడి బ్యాంకులో అతని ఖాతా చూసే అమ్మాయి పంపిన నాలుగు పేజీల ఫ్యాక్ట్‌షీట్ అది. ఆసియా ప్రభుత్వాలు, కంపెనీలు అప్పు కోసం జారీ చేసే బాండ్లలో పర్యావరణానికి మేలు చేసేవి ఏరి కొనే ఫండ్. మొదటి పేజీలో వరి పొలాల మధ్య గాలిమరలు, వాటి మీద పెద్ద అక్షరాల్లో "6 శాతం". నెలనెలా చేతికొస్తుందట.

నేను బ్యాంకులో అప్పులిచ్చే సీట్లో ముప్పై ఏళ్లు కూర్చుని రిటైరైనవాణ్ని. బొమ్మ కనిపిస్తే నా చెయ్యి ముందు ఆఖరి పేజీకే పోతుంది.

ఒక మాట. మా వైపు "పచ్చ బాండ్లు" అంటే రాజకీయంగా అపార్థం చేసుకునేవాళ్లున్నారు. అందుకని గ్రీన్ బాండ్లనే అంటాను.

మా నాన్నకు శాతాలు ఎక్కేవి కావు. నూటికి నెలకెంత అని అడిగేవాడు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. ఆ లెక్కన ఫండు వాళ్లు చెప్పేది అర్ధరూపాయి వడ్డీ. బానే ఉంది. కానీ మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంది: ఫండ్ దగ్గరున్న బాండ్లన్నిటి సగటు రాబడి 5.5 శాతం. దాని కింద ఏడాది ఖర్చులు 1.2 శాతం. అంటే మిగిలేది 4.3. సంపాదించేది 4.3 అయితే పంచేది 6 ఎలా? ఆఖరి పేజీ అడుగున ఒక వాక్యం ఉంది: పంపిణీ మొత్తాన్ని మూలధనంలోంచి కూడా చెల్లించవచ్చు. సింగపూర్, హాంకాంగ్‌లలో అమ్మే నెలవారీ పంపిణీ ఫండ్లలో ఈ వాక్యం మామూలే, దాచిందేమీ లేదు. చదివేవాళ్లే తక్కువ. విత్తనాల వడ్లు దంచుకుని తిన్నట్టు, మన అసలులోంచే కొంత తీసి మనకు వడ్డీ అని ఇస్తారు. కాబట్టి అర్ధరూపాయి కాదు, 36 పైసల వడ్డీ.

ఇప్పుడు రెండో పక్క. మన కేంద్ర ప్రభుత్వం సావరిన్ గ్రీన్ బాండ్లను, అంటే సర్కారే జారీ చేసే గ్రీన్ బాండ్లను, మొదటిసారి వేలం వేసింది 2023 జనవరి 25న. మొత్తం 8,000 కోట్లు. అయిదేళ్ల బాండుకు 7.10 శాతం, పదేళ్లదానికి 7.29 శాతం పలికింది. పదేళ్లది తీసుకుంటే ఆనాటి రేటున 61 పైసల వడ్డీ.

61 పైసలు ఇక్కడుండగా 36 పైసల కోసం ఎవరైనా సముద్రం దాటుతారా? చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆ 36 పైసలు అమెరికన్ డాలర్ల మీద వచ్చే వడ్డీ, ఈ 61 పైసలు రూపాయల మీద వచ్చే వడ్డీ. 2015 మొదట్లో డాలర్‌కు 63 రూపాయలు. 2024 ఆఖరుకు 85 దాటింది. అంటే డాలర్‌తో పోలిస్తే మన రూపాయి ఏడాదికి సుమారు 3 శాతం జారుతూ వచ్చింది. నాన్న లెక్కలో 25 పైసలు. 36కు 25 కలపండి. 61.

కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తే మావాడు కాసేపు మాట్లాడలేదు. రెండు బాండ్ల వడ్డీల మధ్య కనిపించే తేడాలో చాలాభాగం వడ్డీ తేడా కాదు, కరెన్సీ తేడా. రూపాయి రేపు కూడా ఇదే వేగంతో జారుతుందని ఎవరూ రాసివ్వలేరు. ఒక ఏడాది అసలు కదలదు, ఇంకో ఏడాది ఒక్కసారే పది శాతం పోతుంది. కానీ సగటున ఏ పక్క తీసుకున్నా దాదాపు ఒకే చోట తేలేటప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈ డబ్బు రేపు ఏ ఊళ్లో, ఏ నోట్లలో ఖర్చు పెడతావు?

నా మందులు, కరెంటు బిల్లు, మనవరాలి ఓణీల ఫంక్షన్ అన్నీ రూపాయల్లోనే. నాకు డాలర్ బాండుతో పనిలేదు. పైగా ఇక్కడి నుంచి పెట్టాలంటే ఎల్ఆర్ఎస్ అనే రిజర్వ్ బ్యాంకు పథకం కింద విదేశానికి ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు గానీ, 10 లక్షల రూపాయలు దాటినదాని మీద పెట్టుబడులకైతే 20 శాతం టీసీఎస్ అని పన్ను ముందే పట్టుకుంటారు. రిటర్నులో సర్దుబాటవుతుంది, కాకపోతే అన్నాళ్లూ ఆ డబ్బు ఊరికే ఇరుక్కున్నట్టే. ఏటా విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి. అది మర్చిపోతే వచ్చే నోటీసుల టెన్షన్ ఈ వయసులో నాకెందుకు?

మావాడి సంగతి వేరు. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు సింగపూర్ డాలర్లలో. రూపాయి బాండు కొని 61 పైసలు వస్తున్నాయని సంతోషపడితే, తిరిగి మార్చుకునేటప్పుడు 25 పైసలు కరిగిపోవచ్చు. అలాగని అమెరికన్ డాలర్ ఫండ్ కూడా అతనికి సొంత నోటు కాదు. సింగపూర్ డాలర్‌కు హెడ్జ్ చేసిన తరగతి, అంటే మారకపు రేటును ముందే ఒప్పందంతో కట్టేసిన వేరే రకం యూనిట్లు, అదే ఫండులో ఉంటుంది. మారకపు ఊగిసలాట తగ్గుతుంది గానీ రెండు దేశాల వడ్డీ రేట్ల మధ్య తేడా దాదాపుగా ఆ హెడ్జింగ్‌కే పోతుంది. అమెరికాలో వడ్డీలు ఎక్కువ, సింగపూర్‌లో తక్కువ ఉన్నప్పుడు ఆ 36 పైసలు ఇంకా తగ్గుతాయి. ఫ్యాక్ట్‌షీట్‌లో డాలర్ తరగతి అంకె చూపించి హెడ్జ్ తరగతి అమ్మడం అక్కడ చాలా మామూలు. "నా తరగతి అంకె ఏది?" అని అడుగు, మెయిల్‌లో తెప్పించుకో అన్నాను.

సరే, గ్రీన్ సంగతి. మావాడికి అసలు ఆశ దాని మీదే. "డబ్బు ఎక్కడో పెట్టేదే కదా, మంచి పనికి పోతే పోలా" అన్నాడు. ఈ ఉద్దేశాన్ని నేను వెక్కిరించను. కానీ రెండు రకాల పచ్చదనం ఉంది. ఒకటి బాండు మీద రాసి ఉండేది: ఈ డబ్బు సౌర విద్యుత్తుకు, మెట్రోకు, విద్యుత్ రైలింజన్లకు వాడతాం అని. మన సర్కారు బాండ్లు అలాంటివే. ఏమేం చేయొచ్చో 2022 నవంబర్‌లో ఒక చట్రం ప్రకటించారు. అణు విద్యుత్తు, 25 మెగావాట్లు దాటిన జలవిద్యుత్తు అందులో ఉండవు. ఇండోనేషియా 2018 మార్చిలో 125 కోట్ల డాలర్లకు గ్రీన్ సుకూక్ (ఇస్లామిక్ పద్ధతి బాండు) జారీ చేసింది. సింగపూర్ 2022 ఆగస్టులో ఏకంగా యాభై ఏళ్ల గ్రీన్ బాండు 3.04 శాతానికి అమ్మింది. పావలా వడ్డీకి యాభై ఏళ్లు! మనవాళ్లెవరూ నమ్మరు. జపాన్ 2024 ఫిబ్రవరిలో "పరివర్తన" బాండ్లని ఇంకో పేరుతో మొదలుపెట్టింది.

రెండో రకం, ఫండ్ వాళ్లు వేసే మార్కు. ఏ కంపెనీ, ఏ దేశం ఎంత బాధ్యతగా ఉందో మార్కులిచ్చి, తక్కువ వచ్చినవాళ్లను తీసేసి, మిగిలినవాళ్ల మామూలు బాండ్లు కొంటారు. మావాడి ఫండులో పైనున్న పది పెట్టుబడులు చదివాం. గ్రీన్ అని ముద్ర ఉన్నవి నాలుగే. ఒక వరసలో ఇండోనేషియా ప్రభుత్వ మామూలు బాండు ఉంది. ఆ దేశపు కరెంటులో సగానికి పైగా బొగ్గుదే. ఇది మోసం కాదు, నిబంధనల ప్రకారమే. కానీ మొదటి పేజీలో గాలిమరలు చూసి కొన్నవాడికి ఈ సంగతి తెలియాలి కదా. ఆ ఉద్దేశమే ముఖ్యమైతే మన సర్కారు బాండు సూటిగా ఉంటుంది. అక్కడా డబ్బు ముందు ఖజానాలోనే కలుస్తుంది, తర్వాత లెక్కల్లో ఆ పనులకు చూపిస్తారు. అయినా దేనికెంత అని రిపోర్టు వేయాల్సిన బాధ్యత ఉంటుంది.

అదే పట్టికలో కిందెక్కడో గ్రీన్‌కో పేరు కనిపించింది. హైదరాబాద్ కంపెనీ, 2017లోనే 100 కోట్ల డాలర్ల గ్రీన్ బాండ్లు అమ్మింది. కర్నూలు దగ్గర పిన్నాపురంలో కొండల మీద నీళ్లు నిలబెట్టి కరెంటు తీసే ప్రాజెక్టు వాళ్లదే. "అంటే నేను సింగపూర్‌లో డబ్బు కడితే అది తిరిగి మన రాయలసీమకే వస్తుందా?" అని నవ్వాడు. రావచ్చు. మధ్యలో ముగ్గురు నలుగురు ఫీజులు తీసుకుంటారంతే.

గ్రీన్ ముద్ర డబ్బు ఎటు పోతుందో చెబుతుంది. తిరిగొస్తుందో లేదో చెప్పదు. మోడర్న్ ల్యాండ్ అని చైనాలో ఒక ఇళ్ల కంపెనీ ఉండేది. కరెంటు ఆదా చేసే ఇళ్లని పేరు. 12.85 శాతం వడ్డీకి గ్రీన్ బాండ్లు అమ్మింది. అంటే రూపాయి దాటిన వడ్డీ, అదీ డాలర్లలో! మా ఊళ్లో అయితే అంత ఇస్తానన్నవాడి ఇంటికి వెళ్లి పశువుల కొట్టం దగ్గర్నుంచి చూసొచ్చేవాళ్లు. 2021 అక్టోబర్ 25న 25 కోట్ల డాలర్ల అసలు కట్టాల్సి వస్తే కట్టలేకపోయింది. ఆ ఏడాదే ఎవర్‌గ్రాండే అనే ఇంకో పెద్ద ఇళ్ల కంపెనీ కూలింది, తర్వాత మరికొన్ని. ఆసియా డాలర్ బాండ్లలో చైనా ఇళ్ల కంపెనీలది అప్పట్లో పెద్ద వాటా కాబట్టి చాలా ఫండ్లకు దెబ్బ తగిలింది.

ఫండ్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే, ఈ మాట దాని పక్షాన చెప్పాలి. నూట యాభై బాండ్లలో ఒకటి ఎగ్గొట్టినా, దాని వాటా నూటికి ఒకటయితే, అందులో మూడొంతులు పోయినా ఫండ్‌కు ఒక శాతం కూడా పోదు. ఆ బాండు మీరొక్కరే కొనుక్కుంటే? కొనడమే కుదరదు లెండి. ఆసియా కంపెనీల డాలర్ బాండ్లు చాలావాటికి కనీస మొత్తం 2 లక్షల డాలర్లు. కోటిన్నర దాటుతుంది. మామూలు ఉద్యోగికి ఆ సంతలోకి ఫండే దారి.

ఫండులో నాకు నచ్చనిది ఇంకొకటుంది. బాండుకు గడువుంటుంది, ఫండ్‌కు ఉండదు. పదేళ్ల సర్కారు బాండు ధర మధ్యలో ఎంత పడినా, చివరి రోజున నా నూరు నాకు ఇచ్చేస్తారు. ఫండ్ అలా కాదు, పాతవి తీరుతుంటే కొత్తవి కొంటూనే ఉంటుంది. మావాడి ఫ్యాక్ట్‌షీట్‌లో డ్యూరేషన్ 4.8 అని ఉంది. వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగితే యూనిట్ ధర సుమారు 4.8 శాతం పడుతుందని దానర్థం. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు (ఫెడ్) రేటు సున్నా దగ్గర్నుంచి ఏడాది తిరక్కుండా 4.25 పైకి పోయింది. ఆ ఏడాది "సేఫ్" అని బాండ్ ఫండ్లలో పెట్టినవాళ్ల ముఖాలు గుర్తున్నాయి. ఫలానా తేదీకి ఫలానా మొత్తం కావాలనుకునేవాడు బాండే కొనాలి.

మన బాండు కొనడం సులువే, అమ్మడమే కష్టం. రిజర్వ్ బ్యాంకు 2021 నవంబర్‌లో తెచ్చిన రిటైల్ డైరెక్ట్‌లో ఖాతా తెరిస్తే పదివేల రూపాయల నుంచి కొనొచ్చు, ఫీజుల్లేవు. చిట్టీ పాటలాగా పోటీపడి పాడక్కర్లేదు, చిన్నవాళ్లకు వేలంలో కొంత వాటా వేరేగా ఉంచుతారు. వేలంలో తేలిన సగటు ధరకే వస్తుంది. ఆరునెలలకోసారి వడ్డీ ఖాతాలో పడుతుంది. కానీ గ్రీన్ బాండ్లు ఏడాదిలో కొద్దిసార్లే వస్తాయి. మధ్యలో అమ్మాలంటే పదివేలకో లక్షకో కొనేవాడు దొరకడం కష్టం. నేను కిందటేడు మామూలు బాండు ఒకటి అమ్మబోయి, రెండు రోజులు స్క్రీన్ చూసి, చివరికి మానుకున్నాను.

ఇంకో చిన్న లెక్క. మొదటి వేలంలో గ్రీన్ బాండు అదే గడువున్న మామూలు బాండు కంటే సుమారు 0.05 శాతం తక్కువ వడ్డీకి పోయింది. లక్ష మీద ఏడాదికి యాభై రూపాయలు. గుళ్లో హుండీలో అంతకంటే ఎక్కువే వేస్తాం. పెద్ద బ్యాంకులు, బీమా కంపెనీలు మాత్రం ఆ యాభై కూడా వదులుకోవట్లేదు. 2024 మే నెలాఖరులో 6,000 కోట్ల గ్రీన్ బాండ్ల వేలంలో వాళ్లు అడిగిన రాబడి ఎక్కువైందని రిజర్వ్ బ్యాంకు ఒక్క బిడ్ కూడా తీసుకోలేదు.

కనుమ నాడు మావాడు నిర్ణయం చెప్పాడు. పిల్లల చదువు డబ్బులో మూడో వంతు ఆ ఫండులో, రాబడి పంచకుండా తిరిగి ఫండులోనే చేరిపోయే తరగతిలో, సింగపూర్ డాలర్ హెడ్జ్‌తో. మిగతాది సింగపూర్ ప్రభుత్వ బాండ్లలోనే. రిటైరయ్యాక తెనాలి వచ్చేస్తానని వాళ్లమ్మకు మాటిచ్చాడు కాబట్టి, ఆ ఇంటి కోసం దాచేది మాత్రం రూపాయల్లో. ఎన్నారైలకు కూడా రిటైల్ డైరెక్ట్ ఉంది, తర్వాతి గ్రీన్ వేలం వచ్చినప్పుడు ఫోన్ చేయమన్నాడు.

నేను నా పేరున లక్ష పెట్టాలనుకుంటున్నాను. మా ఆవిడ మాత్రం, "ఆ యాభై రూపాయలు నాకిస్తే నాలుగు వేపమొక్కలు నాటిస్తా కదండీ" అంటోంది.