కప్పు–కోను వెనక హబ్బు: కొన్నేళ్ల వాడకం, ఇంటి సర్వీసింగు తర్వాత

షిమానో కప్పు–కోను వెనక హబ్బు ఉన్న గేరు సైకిలును నేను కొన్నేళ్లుగా హైదరాబాదులో, వానాకాలంతో సహా, ఆఫీసుకు వాడుతున్నాను. చక్రం మధ్యభాగమైన హబ్బులోని గిన్నెలాంటి కప్పుకూ, ఇరుసు మీద బిగించిన కోనుకూ మధ్య విడి గోళీలు దొర్లే రకం ఇది. మూసి ఉండే కార్ట్రిడ్జ్ బేరింగుల హబ్బులు విరివిగా దొరుకుతున్నందువల్ల, విడి గోళీల హబ్బును పాతకాలపు సరుకుగా భావించి చాలామంది పక్కన పెడుతున్నారు. ఇంట్లో పానా పట్టే ఓపిక ఉన్నవారికి ఇంతకంటే మంచి హబ్బు లేదని నా అభిప్రాయం. ఆ ఓపిక లేనివారు మాత్రం దీని జోలికి పోకపోవడమే మేలు, ఎందుకంటే పట్టించుకోకుండా వదిలేస్తే ఇది లోలోపలే పాడైపోతుంది.

ఈ అమరికకు మూలం 1978లో షిమానో రేసింగు విడిభాగాల వరుస డ్యూరా-ఏస్‌లో వచ్చిన ఫ్రీహబ్, అంటే పళ్లచక్రాలను మోస్తూ, తొక్కడం ఆపినప్పుడు చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిచ్చే భాగం (ఫ్రీహబ్ బాడీ) హబ్బులోనే కలిసి ఉన్న అమరిక. చవక గేరు సైకిళ్లలో ఇప్పటికీ కనిపించే మరబిగింపు ఫ్రీవీల్ హబ్బుల్లో కుడి బేరింగు పళ్లచక్రాలకు లోపలి పక్కన ఉంటుంది కనుక, అక్కడి నుంచి ఫ్రేము దాకా ఇరుసుకు ఏ ఆధారమూ ఉండదు. ఇరుసులు వంగేదీ విరిగేదీ ఎక్కువగా అక్కడే. ఫ్రీహబ్‌లో మాత్రం కుడి కప్పు ఫ్రీహబ్ బాడీ బయటి కొసలోనే ఉంటుంది కాబట్టి గోళీలు ఫ్రేముకు దగ్గరగా కూర్చుంటాయి. పైగా కుడి కప్పులో గుంటలు పడితే, ఫ్రీహబ్ బాడీ మార్చడంతోనే కప్పు కూడా కొత్తదవుతుంది. ఎడమ కప్పు హబ్బులోనే ప్రెస్ చేసి ఉంటుంది, అది పోతే హబ్బు పోయినట్టే. అందుకే విప్పిన ప్రతిసారీ నేను ముందుగా ఎడమ కప్పునే పరీక్షిస్తాను.

విప్పడానికి క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి) తీయవలసిన పని కూడా లేదు. ఎడమ పక్క లాక్‌నట్టును 17 మిల్లీమీటర్ల పానాతో, కోనును 15 మిల్లీమీటర్ల పలుచని కోను పానాతో వదులు చేసి తీసేస్తే, ఇరుసు కుడి వైపు నుంచి బయటకు వస్తుంది. మామూలు పానా మందం వల్ల కోను మీద పట్టదు, కాబట్టి ఈ ఒక్క పనిముట్టు కొనక తప్పదు. కుడి పక్క కోనునూ నట్టునూ కదపకుండా ఉంచితే ఇరుసు తిరిగి సరిగ్గా మునుపటి చోటే కూర్చుంటుంది. వానాకాలం తర్వాత లోపలి గ్రీజు పాలు కలిసిన కాఫీ రంగులో కనిపిస్తే నీరు చేరినట్టే. కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచాక, బాల్‌పెన్ కొనను కప్పులో గోళీలు దొర్లే గాడి వెంట నెమ్మదిగా తిప్పి చూడాలి. కంటికి ఆనని గుంట దగ్గర కూడా కొన చిన్నగా తడబడుతుంది. కోను మీద నున్నగా మెరిసే పట్టీ ఉంటే పరవాలేదు, మసకబారి పెచ్చులు లేచినట్టుంటే దాన్ని మార్చాలి.

గోళీలు పక్కకు తొమ్మిది చొప్పున, పావంగుళం సైజువి. మామూలు సైకిళ్ల వెనక హబ్బుల్లో వాడేవీ ఆ సైజువే కనుక ఏ సైకిలు దుకాణంలోనైనా దొరుకుతాయి. మార్చేటప్పుడు మొత్తం పద్దెనిమిదీ ఒకే ప్యాకెట్టులోవి వేయాలి, పాతవీ కొత్తవీ కలిపితే పెద్దగా ఉన్నవాటి మీదే భారమంతా పడుతుంది. తొమ్మిది పేర్చాక కాస్త ఖాళీ కనిపిస్తుంది, అక్కడ పదోది దూర్చకూడదు. గ్రీజుకు నేను మోటారు విడిభాగాల దుకాణాల్లో దొరికే ఏపీ-3 రకాన్ని వాడుతున్నాను, దానితో ఏ ఇబ్బందీ రాలేదు.

ఈ హబ్బు మన్నిక అంతా చివరి బిగింపులోనే ఉంది. చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే క్విక్ రిలీజ్ లివరు మూసినప్పుడు బోలు ఇరుసు అతి స్వల్పంగా నొక్కుకుపోయి, రెండు కోనులూ కాస్త దగ్గరవుతాయి. కాబట్టి చక్రం చేతిలో ఉన్నప్పుడు ఏ లూజూ లేకుండా బిగిస్తే, ఫ్రేములో పెట్టి లివరు వేశాక బేరింగు బిర్రబిగుసుకుని గోళీలూ గాడీ త్వరగా అరిగిపోతాయి. కోనును వేళ్లతో తగిలేదాకా తిప్పి, పిసరంత వెనక్కి తీసి, పానాతో కదలకుండా పట్టుకుని లాక్‌నట్టు బిగించాలి. అప్పుడు ఇరుసు కొసన లీలగా ఒక కదలిక తెలుస్తుంది. చక్రం ఎక్కించి లివరు వేశాక రిమ్మును ఫ్రేముకు దగ్గరగా పట్టుకుని పక్కలకు ఊపితే ఆ కదలిక పూర్తిగా పోయి ఉండాలి. పోకపోతే కోనును గడియారపు ముల్లు ఒక నిమిషం జరిగినంత బిగించే వైపు తిప్పి మళ్లీ చూడాలి. ఆ తర్వాత సీటు వెనక కడ్డీ మీద అరచెయ్యి ఆనించి చక్రం తిప్పితే, గరుకుదనం ఏమాత్రం మిగిలి ఉన్నా చేతికి తెలుస్తుంది. మొదటిసారి దీనికి చాలాసేపు పట్టవచ్చు, తొందరపడవలసిన పని కాదు.

లోటల్లా ఫ్రీహబ్ బాడీ దగ్గరే. 10 మిల్లీమీటర్ల అలెన్ కీతో దాన్ని హబ్బు నుంచి ఊడదీయవచ్చు గానీ, లోపలి భాగాలు విప్పి బాగుచేయడానికి అనువుగా ఉండవు. అందులో చిక్కటి గ్రీజు కూరితే చక్రాన్ని పట్టి తిప్పే లోపలి నాలుకలు అతుక్కుపోయి, తొక్కేటప్పుడు జారిపోయే ప్రమాదం ఉంది, పలుచని నూనె చాలు. కోనులు కూడా అదే మోడలువి కావాలి, వీధి దుకాణంలో దొరకడం కష్టం కాబట్టి నేను ఒక జత ముందే తెప్పించి ఉంచుకుంటాను. వానలకు ముందొకసారి, వానలు వెళ్లాక ఒకసారి విప్పి గ్రీజు మార్చడం, ఒత్తిడి నీటితో హబ్బు మీద నేరుగా కడగకపోవడం, ఈ రెండూ పాటిస్తున్నందున నా ఎడమ కప్పు ఇప్పటికీ నున్నగా ఉంది.